గడ్డివామి లేని ఇల్లు

మొన్న ఆదివారం తెనాలిలో మా ఇంట్లో భోజనాలయ్యాక మనవరాలు సెల్‌ఫోన్ పట్టుకుని అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతూ తిరిగింది. ఉంటే సముద్రం ఒడ్డున ఉంటారా, కొండల్లో ఉంటారా? ఏదో ఒకటే చెప్పాలట, రెండూ అనకూడదట. కాలేజీలో పిల్లలంతా ఆడుతున్న ఆట అది. మా అబ్బాయి కొండలే అన్నాడు, అక్కడ ఉక్కపోయదని. మా కోడలు ఎక్కడైనా సరే, వంట ఎవరు చేస్తారో ముందు తేల్చమంది. నా వంతు వచ్చేసరికి నేను ఆలోచనలో పడ్డాను. "ఏంటి మామ్మా, పరీక్షలో కూర్చున్నట్టు అంత ఆలోచిస్తున్నావు?" అని నవ్వింది పిల్ల. దానికేం తెలుసు, ఆ ప్రశ్న మా ఇంటికి ఇదివరకే ఒకసారి వచ్చిందని. అప్పుడది ఆట కాదు. జవాబు తప్పితే ఒక మనిషి దక్కదు.

నాది బాపట్ల. కాపురానికి వెళ్ళింది రేపల్లె అవతల, పెనుమూడి దారిలో ఉన్న ఒక పల్లెకి. అరవైలు ముగియవస్తున్న రోజులు. మా అత్తగారు మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. ఆవిడ పెరట్లో నిలబడి పిలిస్తే కృష్ణ అవతలి ఒడ్డున ఎవరో ఒకరు పలికేవారని మా మామగారు అనేవారు. అలాంటి మనిషికి ఏటా వరికోతలు మొదలై నూర్పిళ్ళు అయ్యేదాకా ఉబ్బసం పట్టుకునేది. ఆ గొంతులోంచి పిల్లికూతలు తప్ప మాట వచ్చేది కాదు. పడుకోలేక దిండు ఒళ్ళో పెట్టుకుని కూర్చునే ఉండేది. చలికాలం గదా, మంచు గదా అనుకునేవాళ్ళం. నేను వెళ్ళిన రెండో ఏడు అది సంక్రాంతి దాటినా వదల్లేదు. కందగడ్డలా ఉండే మనిషి పుల్లలా అయిపోయింది.

తెనాలిలో పెద్ద డాక్టరుకి చూపించాం. ఆయన వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, "ఈ డెల్టా గాలి ఈవిడకి పడటం లేదండి. సముద్రం దగ్గరికైనా మార్చండి, కొండల మీదికైనా మార్చండి. ఇంకొక నూర్పిళ్ళు ఆ ఊళ్ళోనే ఉంటే మాత్రం నేనేం చెప్పలేను" అన్నారు. తిరుగు ప్రయాణంలో నలుగురం రేపల్లె రైలెక్కాం. మామగారు కిటికీలోంచి పొలాలే చూస్తూ కూర్చున్నారు. ఊళ్ళో దిగాక అత్తగారే అంది: "సముద్రమూ వద్దు, కొండలూ వద్దు. నన్ను నా గేదె దగ్గర వదిలెయ్యండి."

ఆవిడ మాట ఎవరూ పట్టించుకోలేదు. ఇంట్లో రెండు పార్టీలు ఏర్పడ్డాయి. కొండల పార్టీకి మా ఆడపడుచు నాయకురాలు. వాళ్ళాయన విశాఖపట్నం అవతల మన్యంలో కాఫీ తోటలో పనిచేసేవాడు. కొండగాలి అమృతమని వారానికో ఉత్తరం రాసేది. సముద్రం పార్టీ అంటే నేనొక్కదాన్నే. నిజం చెప్పొద్దూ, నా స్వార్థం నాకుంది, పుట్టిల్లు దగ్గరవుతుందని. మామగారు రెండు పక్కలా, నా పక్క మావారి నోటే, విని తీర్పు చెప్పారు. కూతురింట్లో తేరగా కూర్చుని తినడం మా ఇంటా వంటా లేదు కాబట్టి, కొండలకి వెళ్తే ఇక్కడి పొలం అమ్మి అక్కడ కొనుక్కోవాలి. బాపట్ల అయితే పొలం చూసుకుంటూ వచ్చి పోవచ్చు. కాబట్టి ముందు సముద్రం. ఆయన లోపలికి వెళ్ళగానే మావారు నాతో మెల్లిగా, "అక్కడ అమ్మకి ఏమన్నా అయితే మా అక్క జన్మలో నిన్ను క్షమించదు" అన్నారు. ఆ మాటతో నా సంతోషం ఆవిరైపోయింది.

సూర్యలంక వెళ్ళే రోడ్డులో, ఊరు దాటాక, సరుగుడు తోటల పక్కన ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకున్నాం. మావారు అక్కడే ఒక ఎరువుల కొట్లో లెక్కలు రాసే పనిలో చేరారు. ఇల్లు చూడగానే అత్తగారు అడిగింది గాలి గురించీ కాదు, నీళ్ళ గురించీ కాదు. "గడ్డివామి ఎక్కడ వేస్తారు?" అంది. మా వైపు వామి లేని ఇల్లంటే దివాలా తీసిన ఇల్లని లెక్క. పిల్లనిచ్చేవాళ్ళు ముందు వామి ఎత్తు చూసేవాళ్ళు, తర్వాతే పిల్లాణ్ణి. మామగారికి వేరే చెప్పక్కర్లేదు. పాలేరు గేదెని తోలుకుని రెండు రోజులు నడిచి వచ్చాడు. వెనకాలే రెండెడ్ల బళ్ళ మీద మా పొలం గడ్డే వచ్చింది. బాపట్లలో గడ్డి దొరకదా అంటే ఆయనకి చిన్నతనం. అత్తగారు మంచంలోంచే చూసుకునేలా ఆవిడ కిటికీ కిందనే వామి వేయించారు. పొద్దున్నే ఆ వామిలోంచి గడ్డి దూసి, దుమ్ము దులిపి గేదెకి వెయ్యడం నా పని. కిటికీలోంచి ఆవిడ "అలా కాదే, అడుగునుంచి లాగవే" అని పాఠాలు చెబుతుంటే, ఆవిణ్ణి సంతోషపెడుతున్నాననే అనుకున్నాను.

రెండు వారాలు కూడా గడవలేదు, మళ్ళీ ఆయాసం. ఈసారి కోతల కాలమనే సాకు కూడా లేదు. రోజూ సరిగ్గా పొద్దున పూట, నేను పెరట్లో పని ముగించుకుని కాఫీ తీసుకెళ్ళేసరికి ఆవిడ మంచం పట్టెలు పట్టుకుని ఊపిరి కోసం కొట్టుకుంటూ ఉండేది. కాంపౌండరు సైకిల్ మీద వచ్చి ఇంజక్షన్ ఇచ్చి వెళ్ళేవాడు. అలా వేసవి వెళ్ళింది, వానలూ వెళ్ళాయి. కార్తీకం వచ్చేసరికి ఆవిణ్ణి ఎత్తుకుని కూర్చోబెట్టాల్సి వచ్చింది. ఉప్పుగాలి పడలేదని అందరూ తేల్చేశారు. ఆడపడుచు ఉత్తరంలో నా పేరు లేదుగానీ, 'కొందరి పుట్టింటి మోజుకి మా అమ్మ బలి అవుతోంది' అని ఉంది. ఆ ఉత్తరం మామగారు చదివి, మడిచి, నాకు కనబడేచోటే పెట్టారు. పొలం బేరం కుదిరిపోయింది. కార్తీక పౌర్ణమి వెళ్ళిన రెండో రోజు, సోమవారం, రేపల్లెలో అగ్రిమెంటు.

వెళ్ళిపోయేముందు ఒక్కసారి సముద్రస్నానం చెయ్యాలంది అత్తగారు. పౌర్ణమి పొద్దున్నే బండి కట్టారు. కుదుపులు తగలకుండా అడుగున గడ్డి పరిచారు. ఒడ్డు చేరేసరికి ఆవిడ కళ్ళు తేలేసింది. ఇద్దరం పట్టుకుని దింపి, ఒడ్డుకి లాగిపెట్టిన ఒక పడవకి ఆనించి కూర్చోబెట్టాం. ఇంక స్నానం ఏం చేస్తుందిలే అని నెత్తిన నీళ్ళు చల్లి, నేనూ మావారూ మునిగి వచ్చాం. వచ్చి చూద్దును గదా, అరటిదొప్పలో దీపం అమ్మిన మనిషితో ఆవిడ దెబ్బలాడుతోంది, దొప్ప చిల్లు పడిందని. అలల హోరులో కూడా ఆ గొంతు వినబడుతోంది. ఏడాది తర్వాత విన్నాను ఆ గొంతు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ పూటంతా ఆవిడ ఇసకలో కాళ్ళు చాపుకుని కూర్చుంది, పులిహోర తింది, నా చీర కట్టుని వెక్కిరించింది కూడా.

మా వీధికి చేపలు తెచ్చే అక్క ఆ ఒడ్డునే ఉండేది. కార్తీకమాసం కాబట్టి బేరం లేకపోయినా, పలకరించి మాతోనే కూర్చుంది. ఎండ ముదిరేసరికి మామగారు భార్య సుఖంగా ఉందని పొంగిపోయి, బండిలో గడ్డి బాగా గుల్ల చేసి, ఇంకా మెత్తగా సర్ది ఆవిణ్ణి ఎక్కించారు. ఎడ్లని ఇంకా కాడికి కట్టనే లేదు, అత్తగారు గుండె పట్టుకుంది. పిల్లికూతలు మొదలయ్యాయి. చేపల అక్క నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"చిన్నమ్మగారూ, సముద్రం ఎక్కడికీ పోలేదు గదండీ. ఇందాకా ఇక్కడే కూకుని పోట్లాడారు గదా ఆవిడ. ఇంతలోనే ఏమొచ్చింది?" అంది. నేను బిత్తరపోయి చూస్తుంటే, "మా తోటికోడలికి ఎండురొయ్య పడదండి. పొట్టు చెరిగిందంటే ఇదిగో, ఇట్టాగే ఆయాసం. అందుకే దాన్ని పచ్చిచేపల కాడికి పంపుతాం. ఆ గడ్డి సంగతి చూసుకోండమ్మా" అంది.

కిటికీ, వామి, పొద్దున పూట నేను దులిపే దుమ్ము, ఊళ్ళో నూర్పిళ్ళు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అప్పుడే, బండి కదలకముందే, ఆ గడ్డి కింద పారెయ్యాల్సింది. పారెయ్యలేదు. మామగారి ఎదుట నిలబడి మాట్లాడటం అంటే ఆ రోజుల్లో మాకు సింహం బోనులోకి వెళ్ళడమే. ఇంటిదాకా ఆవిడ ఆ గడ్డి మీదే ఊపిరాడక నలిగిపోతుంటే, నేను వీపు రాస్తూ కూర్చున్నాను. ఆ తప్పు నాది. ఇన్నేళ్ళయినా దానిలో ఎవరికీ వాటా ఇవ్వలేను.

మర్నాడు ఆదివారం. మామగారు వరండాలో కూర్చుని పొలం కాగితాలు గుడ్డలో చుట్టుకుంటున్నారు. పెళ్ళయ్యాక మొదటిసారి మాట్లాడటానికి గడప దాటి ఆయన ఎదుటికి వెళ్ళాను.

"మామయ్యగారూ, అత్తయ్యకి పడనిది ఉప్పుగాలి కాదండి. గడ్డి."

"ఏంటి?"

"గడ్డి దుమ్మండి. ఎనిమిది రోజులు వామి తీయించి చూడండి. తగ్గకపోతే కొండలకే వెళ్దాం."

ఆయన కోప్పడతారనుకున్నాను. నవ్వారు. అది చూసి ఇంకా భయమేసింది. "తరతరాలుగా గడ్డిలో పుట్టి గడ్డిలో పెరిగినవాళ్ళం అమ్మాయ్. గడ్డి వల్ల రైతుకి జబ్బా? ఎవరు చెప్పారు నీకు?" చేపల అక్క చెప్పిందని నేనెలా చెప్పను? మావారు గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నారు. ఈలోగా గోడ పట్టుకుంటూ అత్తగారే బయటికి వచ్చింది.

"నా గేదెని తోలెయ్యడానికి ఎత్తు వేశావా? ముగ్గురు బిడ్డల్ని కన్నాక కూడా గడ్డి మోసినదాన్ని. అది నన్నేం చేస్తుందో నేనే చూపిస్తాను మీకందరికీ" అంటూ పెరట్లోకి నడిచింది. వద్దని మావారు అడ్డం వెళ్తే తోసేసింది. వామి దగ్గర కూలబడి, అలవాటైన చేత్తో ఒక పిడికెడు దూసి, రెండుసార్లు విదిలించి, పసిబిడ్డని ముద్దాడినట్టు మొహానికి ఆనించుకుంది. "చూడండి, ఏమయిం..." అంది. ఆ మాట పూర్తి కాలేదు.

పెదవులు నీలం తిరిగాయి. మావారు సైకిలెక్కి కాంపౌండరు కోసం పరుగెత్తారు. నేను ఆవిణ్ణి వెనకనుంచి పట్టుకుని కూర్చున్నాను. పక్కటెముకలు నా చేతుల్లో ఎగిరెగిరి పడుతున్నాయి. చచ్చిపోతుందనే అనుకున్నాను, పైకి అనేశాను కూడా. మామగారు ఆవిడ ఒళ్ళోంచి గడ్డి తీసి చేతిలో పట్టుకున్నారు. దాన్ని ఎక్కడ వెయ్యాలో తెలియక అలాగే నిలబడిపోయారు. జన్మలో గడ్డిపరక పారేసిన మనిషి కాదాయన. కాంపౌండరు వచ్చి రెండు ఇంజక్షన్లు ఇచ్చాక, గంటకి ఊపిరి దారిలో పడింది. అప్పటికీ ఆయన చేతిలో ఆ గడ్డి అలాగే ఉంది.

సోమవారం ఆయన రేపల్లె వెళ్ళలేదు. అత్తగారిని మా పుట్టింటికి పంపించి, పాలేరుని కూడా పిలవకుండా వామి అంతా తనే పీకి సరుగుడు తోట అవతలి వాళ్ళకి తోలించేశారు. గేదె కూడా వాళ్ళింటికే వెళ్ళింది. కడిగిన ఇంటికి వచ్చిన అత్తగారు నాతో నెల రోజులు మాట్లాడలేదు. కానీ ఆ నెలంతా కాంపౌండరు సైకిలు మా గుమ్మం తొక్కలేదు. తెనాలి డాక్టరుగారికి చెబితే, "నేననుకుంటూనే ఉన్నాను" అన్నారు. పెద్దవాళ్ళు, ఏం అంటాం.

ఆ రకంగా సముద్రం గెలిచింది, నేనూ గెలిచాను. ఓడిపోయింది మాత్రం వాళ్ళిద్దరూ. గడ్డి లేని ఊరికి ఆయన రాలేరు, గడ్డి ఉన్న ఊరికి ఆవిడ పోలేదు. మామగారు పొలం దగ్గరే ఉండి శనివారం శనివారం వచ్చేవారు. వచ్చి గుమ్మం ఎక్కేవారు కాదు. గేటు పక్కన బావి దగ్గర పొలం బట్టలు విప్పి, తలమీంచి స్నానం చేసి, నేను అందించిన ఉతికిన పంచె కట్టుకుని అప్పుడు లోపలికి వచ్చేవారు. అంత పెద్దరైతు రోడ్డు పక్కన నీళ్ళోసుకుంటుంటే బండివాళ్ళు నవ్వుకుంటూ పోయేవాళ్ళు. చలికాలం కూడా మానలేదు. అత్తగారు కిటికీలోంచే మొదలెట్టేది: "ఈ ఏడు వామి ఎంత ఎత్తు వేశారు? ఎవరు కట్టారు? వాన దిగకుండా పైన సరిగా కప్పారా?" ఆయన తల తుడుచుకుంటూ ఒక్కొక్కదానికీ జవాబు చెప్పేవారు. తొమ్మిదేళ్ళు ఆవిడ నూర్పిళ్ళు అలాగే చూసింది.

డెబ్భై ఏడు తుఫానుకి మా పెంకులన్నీ లేచిపోయాయి. పక్క సరుగుడు తోట నేలమట్టమైంది. ఎలాగో బతికి బయటపడ్డాం. ఇప్పటికైనా కొండలకి రమ్మని ఆడపడుచు మళ్ళీ రాసింది. అత్తగారు నా చేత జవాబు రాయించింది: 'కొండ మీదికి సముద్రం రాదు, నిజమే. శనివారం మీ నాన్న కూడా రాలేడు.'

ఆ తర్వాత రెండేళ్ళకి ఆవిడ నిద్రలోనే వెళ్ళిపోయింది, ఏ ఆయాసమూ లేకుండా. కర్మకాండలయ్యాక మామగారు పొలానికి వెళ్ళి, అలవాటుగా శనివారం వచ్చారు. చొక్కా నిండా గడ్డి నుసి. నేను గేటు తీసి, "ఇంకెందుకండీ మామయ్యగారూ, లోపలికి రండి" అన్నాను. ఆయన బావి దగ్గర ఆగి, కిటికీ వైపు చూసి, చేద బావిలోకి వదిలారు. బతికి ఉన్నన్నాళ్ళూ ఏ శనివారమూ నీళ్ళోసుకోకుండా ఆ గుమ్మం ఎక్కలేదు.

మనవరాలికి సముద్రమనే చెప్పాను. ఎందుకు అని అది అడగలేదు, ఆటలో ఆ ప్రశ్న లేదట. కాలం ముందు అత్తయ్యని తీసుకుపోయింది, తర్వాత ఆయన్నీ తీసుకుపోయింది, ఆ శనివారాలని మాత్రం ఎందుకో నా దగ్గరే వదిలిపెట్టింది.