టేకు మొద్దు మీద తుమ్మముళ్ళు

ఉండిందమ్మా, మా పెరట్లోనే ఒక పాత టేకు చెట్టు ఉండింది. నిన్న ఫోన్లో నువ్వు అడిగినప్పుడు ఆ ఒక్క ముక్కే చెప్పి ఊరుకున్నాను గానీ, ఫోన్ పెట్టేసినప్పటి నుంచీ మనసు దాని చుట్టూనే తిరుగుతోంది. మాను లోపలి చుట్లు చూసి, కొలిచేవాళ్ళే లేని కాలంలో ఏ నది ఏ యేడు పారిందో, ఏ యేడు ఎండిందో చెప్పే చదువొకటి ఉందనీ, పూణేలో నువ్వు చదివేది అదేననీ విన్నాక, ఈ సంగతి నీకూ, నీ తమ్ముళ్ళకూ చెప్పాలనిపించింది. మా ఇంట్లోనూ ఒకసారి ఆ చదువు జరిగింది.

మాది సూళ్లూరుపేటకు ఎగువన, కాళంగి ఒడ్డు పల్లె. కాళంగి నిండుగా పారే నది కాదు. వానలకు కొన్నాళ్ళు ఎర్రగా పొర్లి, మిగతా యేడంతా ఇసక పరుచుకుని పడుకునేది. ఆ కాస్త నీళ్ళు కాలవ వెంట చెరువుకు చేరితేనే మా మడిలో వరి. అరవైల మొదట్లో, నేను పావడాలు కట్టే వయసులో, వరసగా మూడేళ్ళు అవీ రాలేదు. సరివి తోటలు వేసి మద్రాసుకు కట్టెలు పంపే ఆసామి ఒకాయన, మడి తనకు అమ్మమని నాయన వెంట పడ్డాడు. అమ్మేసి పేటకు పోయి కొట్టు పెట్టుకుందామని అమ్మ. నాయన తల్లి, మా అవ్వకు మాత్రం ఆ మడి వదలడం ప్రాణం మీదికి వచ్చినట్టుండేది, తాత తన చేతులతో గట్లు వేసిన మడి అది. అయినా మగవాళ్ళ మాటల్లోకి ఆమె వచ్చేది కాదు. నాయన ఎటూ తేల్చుకోలేక తిండి కూడా సరిగా తినేవాడు కాదు.

అప్పుడే ఇంటి దూలానికి చెద పట్టి కూలేటట్టుంటే, తాత నాటిన టేకు చెట్టు కొట్టించారు. ఆ చెట్టు మొదట్లోనే మా స్నానాల బండ. కరువు రోజుల్లో చుక్క వృథా కాకూడదని, ఒంటి మీద పోసుకున్నవీ, బియ్యం కడిగినవీ, అంట్లు తోమినవీ అన్నీ ఆ పాదులోకే పోవాలని అవ్వ శాసనం.

చెట్టు కొట్టిన మర్నాడు అమ్మ తమ్ముడు, మా చిన్నమామ, చూడవచ్చాడు. వెంకటగిరి కొండల్లో ఫారెస్టు గార్డు ఆయన. మొద్దు మీద కూర్చోబోయి ఆగిపోయాడు.

"బావా, ఈ చుట్లు చూసినావా? యేడాదికి ఒకటి. వానలు పడితే లావుగా వస్తాది, కరువొస్తే సన్నంగా గీత మాదిరి పోతాది. మా రేంజరు కొండ మీద చూపించినాడు."

నాయనకు ఆ మాట చాలు. ఇంతకు ముందు కూడా ఇట్లా ఏరు ఎండి, మళ్ళీ తేరుకుందా లేదా అన్నదే కదా ఆయన బెంగ! మొద్దును కొబ్బరినూనె గుడ్డతో తుడిచి, బెరడు వైపు నుంచి లోపలికి లెక్కపెడుతూ, గుర్తున్న యేటికల్లా ఒక తుమ్మముల్లు గుచ్చాడు. నేను పుట్టిన యేటికి ఒకటి, గాలివాన యేటికి ఒకటి.

"ఇదో, కరువుకు పశువుల్ని కొండకు తోలిన యేడు. ఎంత లావుండాదో చూడబ్బా!"

"నీ పెళ్ళి యేడూ కరువే కదా బావా. నీ కాళ్ళు కడిగేదానికి నీళ్ళు లేక మా నాయన తడిగుడ్డతో తుడిచినాడు."

"ఆ కాళ్ళకు ఆ మాత్రం చాల్లేరా," అంది అమ్మ వంటింట్లోంచి.

పెళ్ళి యేటి చుట్టు కూడా లావుగానే ఉంది. పైన ఇసక ఎండినా ఏరు అడుగున పారుతూనే ఉందనీ, వేరుకు తెలిసినంత మనిషికి తెలియదనీ బావా బావమరిది తీర్మానించుకున్నారు. మడి అమ్మేది లేదు, అందులోనే బావి తవ్వుతానన్నాడు నాయన. బండ దగ్గర చెంగుతో చేతులు తుడుచుకుంటూ అంతా చూస్తున్న అవ్వ ఒకే మాట అంది.

"మాను చెప్పినాక ఇంకేముండాది నాయనా, తవ్వు."

బావిలో నీళ్ళు అరకొరగా పడ్డాయి. వరి లేక రాగిసంగటితో గడిపిన రోజుల్లో అమ్మ పేట కొట్టు మాట మళ్ళీ ఎత్తలేదు, నాయనతో పరాచికాలూ మానేసింది. చివరికి ఒక యేడు కాళంగి గట్లు తెంచుకుని వచ్చింది. మడి మాకు మిగిలింది.

నిన్న నువ్వు చెప్పావు, ఇళ్ళ పక్క చెట్లు మాకు పనికిరావు అమ్మమ్మా, వాటికి కరువు తెలియదు అని. నది పుట్టే కొండల్లో, వాన తప్ప వేరే దిక్కు లేక రాళ్ళ మీద బతికే చెట్లనే, ఒకటి కాదు ఎన్నింటినో, కొట్టకుండా సన్నగా తొలిచి చూస్తారట. నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. మా చెట్టు తాగింది ఏటి నీళ్ళు కాదు, మా స్నానాల నీళ్ళు. కరువు ముదిరేకొద్దీ ఇంకాస్త ఎక్కువ తాగింది.

ఇప్పుడా మడి రొయ్యల గుంట. మేమంతా కుళాయి తిప్పితే నీళ్ళొచ్చే ఇళ్ళలో ఉన్నాం, అవి ఎక్కడి నుంచి వస్తాయో, ఎటు పోతాయో ఎవరికీ పట్టదు. ఆ రోజుల్లో మా ఇంట్లో ప్రతి చెంబెడు నీళ్ళూ ఎటు పోయేదీ తెలిసిన మనిషి అవ్వ ఒక్కతే. అడగాలని తోచే బుద్ధి నాకు వచ్చేసరికి ఆమె లేదు. కొడుకులాగే తానూ నమ్మి తవ్వమన్నదా, అన్నీ తెలిసే అన్నదా?