చెవి చీలిన పిల్లి

పరీక్ష హాల్లో చీటీలు పట్టుకోవడంలో నన్ను మించినవాళ్ళు మా బడిలో లేరు. పిల్లవాడి చూపు బల్ల కింద ఎంతసేపు ఆగిందో చూసి చెప్పేస్తాను. చూసి రాసింది ఎంత బాగున్నా సున్నాయే అని ఏళ్ళ తరబడి చెబుతూ వచ్చాను. అలాంటిదాన్ని, ఇంకొకరి బతుకులో జరిగింది నా బతుకులో జరిగినట్టు సాక్ష్యం చెప్పాను. మైకు ముందు కళ్ళు కూడా తుడుచుకున్నాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మాది రేపల్లె, ఉద్యోగం తెనాలిలో. రోజూ పొద్దున పాసింజరు రైల్లో వెళతాను. సముద్రం వైపు నుంచి చేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు అదే రైలెక్కి తలుపు దగ్గర కింద కూర్చుంటారు. వాళ్ళలో ఒకావిడ నాకు బాగా అలవాటు. నాకంటే అయిదారేళ్ళు పెద్ద. నేను అక్కా అంటాను, ఆవిడ టీచరమ్మా అంటుంది. వాసనకి ముక్కు మూసుకునేవాళ్ళని చూపించి, "తినేటప్పుడు మూసుకోరుగా" అని నా చెవిలో అని నవ్వుతుంది.

మా ఆయనకి గుంటూరులో గుండె ఆపరేషన్ జరిగింది. ఆయన కోలుకున్నాక నేను మళ్ళీ బడికి వెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో, ఆవిడ తన పక్కన చోటు చేసి కూర్చోబెట్టుకుంది. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతానంది.

"మా ఆయన వేటకెళ్ళిన బోటు రెండ్రోజులు రాలేదండి. వాయుగుండం. ఒడ్డున అందరం ఏడుస్తానే ఉన్నాం, గంగమ్మకి మొక్కుతానే ఉన్నాం. రెండోరోజు పొద్దున మంచినీళ్ళు తాగుదామని ఇంటికొచ్చానండి. మా ఇంటికాడ చెవి చీలిన పిల్లొకటి తిరుగుతా ఉండేది. అది ఎండుచేపని అడ్డంగా నోట కరుచుకుని దడిలో కన్నంలోంచి దూరబోయింది. చేప అడ్డం పడింది. వెనక్కొచ్చి మళ్ళా దూరింది. మళ్ళా అడ్డమే. మూడోసారి నా వంక చూసిందండి, కాస్త సాయం పట్టవే అన్నట్టు. నాకు నవ్వొచ్చిందండి టీచరమ్మా! ఆపుకోలేని నవ్వు. పమిట నోట్లో కుక్కుకుని గోడకానుకుంటే, మా అత్త వచ్చి నేను ఏడుస్తున్నాననుకుని వాటేసుకుని ఏడ్చింది."

"మరి మీ ఆయన?" అన్నాను.

"మూడోరోజు వచ్చాడండి. వచ్చాడు కాబట్టి చెబుతున్నా. రాకపోతే ఆ నవ్వు పెట్టుకుని ఎట్టా బతికేదాన్నో. ఏడ్చేది నేనే కదండి. మరి ఆ నవ్వింది ఎవరండి? చదువుకున్నోళ్ళు, మీరు చెప్పండి."

నేను చెప్పేది జీవశాస్త్రం. మెదడు బొమ్మ బోర్డు మీద చూడకుండా గీస్తాను, భాగాలు గుర్తించమని పిల్లలకి మార్కులు వేస్తాను. ఏడ్చే మనిషిలో కూర్చుని నవ్వింది ఎవరో నాకు తెలియదు. ఇన్నేళ్ళ చదువులో అంత పెద్ద ప్రశ్న నన్నెవరూ అడగలేదనిపించింది. తెనాలి వచ్చేసింది, ఆవిడ గంప నెత్తికెత్తుకుని దిగిపోయింది. ఆ రోజంతా క్లాసులో నా మనసు నా దగ్గర లేదు.

మా లూథరన్ క్రైస్తవ కుటుంబాల్లో గండం గడిస్తే ఇంట్లో కృతజ్ఞతా కూటం పెట్టుకుంటాం. గడిచినవాళ్ళ తరఫున ఎవరో ఒకరు సాక్ష్యం చెప్పాలి. చెప్పేది దాదాపు అందరిదీ ఒకటే: డాక్టర్లు పెదవి విరిచారు, మేము మోకరించాము, ప్రభువు లేపాడు. వినేవాళ్ళు మధ్యలోనే బిర్యానీ వాసన పట్టేస్తుంటారు. మా ఇంటి కూటంలో నా సాక్ష్యం మాత్రం వాళ్ళు కదలకుండా వినాలని నాకుంది. పోనీ నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదా అంటే, ఉంది. అది నలుగురిలో చెప్పుకునేది కాదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడే రకం.

అందుకని పిల్లిని తెచ్చుకున్నాను. ఆపరేషన్ ముందురోజు బట్టల కోసం ఇంటికి వచ్చానన్నాను. దడి తీసేసి ప్రహరీ గోడ పెట్టాను. అత్తగారి చోట మా ఆడపడుచుని పెడదామనుకున్నాను గానీ ఆవిడ ఎదురుగానే కూర్చుని ఉంది, అందుకని పక్కింటావిడ అన్నాను. చీలిన చెవి మాత్రం అలాగే ఉంచాను. అది లేకపోతే పిల్లి కనిపించదు, ఆ మాత్రం కథ చెప్పడం నాకూ వచ్చు. గదిలో ఒక్కరూ కదల్లేదు. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

అక్కడితో ఆగితే బాగుండేది. బాపట్లలో స్త్రీల సమాజం మీటింగుకి పిలిచారు, అక్కడా చెప్పాను. ఇంకో రెండు చోట్ల చెప్పాను. వెనక నన్ను 'పిల్లి టీచరుగారు' అంటున్నారని తెలిసి మురిసిపోయాను. విచిత్రం ఏంటంటే, చెప్పగా చెప్పగా ఆ పిల్లి నాకు కనిపించడం మొదలైంది. మా పెరటి గోడ, దాని కింద కన్నం, అడ్డం పడిన చేప. మా గోడకి కన్నమే లేదు. మా ఆయన అయితే, "మన పెరట్లోకి వచ్చిన పిల్లిని నేనెప్పుడూ చూళ్ళేదే" అని ఆటపట్టించేవారు. మీరు హాస్పిటల్లో ఉంటే ఎలా చూస్తారని నేనే ఆయన మీద విసుక్కునేదాన్ని.

ఒకరోజు రైల్లో ఆవిడ నన్ను చూడగానే గంప పక్కకి జరిపింది.

"నేను చేపలేసే తెనాలి ఇంట్లో అమ్మగారు చెప్పారండి. బాపట్ల మీటింగులో రేపల్లె టీచరుగారు పిల్లి సంగతి చెప్పారంట. మీకూ అట్టాగే అయిందాండి?"

దొంగకి తేలు కుట్టినట్టయింది. ఆవిడ కళ్ళలో కోపం లేదు. ఆశ ఉంది. నిజం చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

"అయిందక్కా" అన్నాను.

పొలుసులు అంటిన చేత్తో నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే పాపిష్టిదాన్ననుకున్నానండి" అంది.

మర్నాటి నుంచి బస్సెక్కాను. వారం రోజులు అలా తప్పించుకు తిరిగాను. బస్సులో కూర్చున్నా ఆ చెయ్యి నా చేతి మీదే ఉన్నట్టుండేది. ఆవిడ కథ తీసుకోవడం ఒక తప్పు. ఆ కథతోనే ఆవిడని ఓదార్చడం అంతకంటే పెద్ద తప్పు. ఎనిమిదో రోజు మళ్ళీ రైలెక్కి, ఎదురుగా కింద కూర్చుని చెప్పేశాను.

"అక్కా, నేను ఏ పిల్లినీ చూడలేదు. నువ్వు చెప్పిందే నాదని చెప్పుకున్నాను."

ఆవిడ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "తెలుసండి" అంది. "చీలిన చెవి, అడ్డం పడిన చేప, అన్నీ ఎట్టా కుదురుతాయండి?"

"మరి ఎందుకడిగావు?"

"ఏమోనండి. అవునంటే బావుండనుకున్నాను. అవునన్నారు. వారం రోజులు హాయిగా ఉన్నాను." కిటికీ వైపు చూసింది. "ఇప్పుడు మళ్ళా ఒక్కదాన్నే."

నిజం చెప్పి నేను తేలికపడ్డాను, బరువు ఆవిడ మీద పడింది. భట్టిప్రోలు దాటింది. వేమూరు వస్తుండగా, నేను ఎవరికీ చెప్పనిది ఆవిడకి చెప్పడం మొదలుపెట్టాను.

ఆపరేషన్ థియేటరు తలుపు వేసేశాక నేను బయట బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ప్రార్థనలో ఉన్నాననుకుని మావాళ్ళు మాటలు ఆపేశారు. నేను ప్రార్థన చెయ్యడం లేదు. ఆయన పోతే జ్ఞాపకార్థ కూటానికి ఫ్లెక్సీ మీద ఏ ఫోటో వేయించాలా అని చూస్తున్నాను. పెళ్ళి ఫోటోలో కళ్ళు సగం మూసి ఉన్నాయి. నీలం చొక్కా వేసుకున్నది బాగుంది, కాకపోతే పక్కనున్నాయన భుజం తీసేయాలి. కింద ఏ బైబిలు వాక్యం వేయించాలో కూడా అనుకున్నాను. భయం లేదు, ఏడుపు లేదు. ఆయన లోపల ఉంటే నేను బయట ఫోటో ఎంచుతున్నాను, అదీ శ్రద్ధగా.

ఆవిడ నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"నీలం చొక్కా అంత బావుంటదాండి ఆయనకి?"

"బాగుంటుందక్కా."

పమిట నోట్లో కుక్కుకుంది. భుజాలు అదురుతున్నాయి. నాకూ నవ్వాగలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా నవ్వుకున్నాం. ఎదుటి సీట్లో పెద్దాయన మాకేదో కష్టం వచ్చిందనుకుని మంచినీళ్ళ సీసా అందించాడు.

తెనాలిలో దిగేముందు ఆవిడ గంప ఎత్తుకుంటూ అంది. "ఈసారి అది చెప్పండి టీచరమ్మా. నాలాంటోళ్ళు అక్కడా ఉంటారు. నా పిల్లిని మాత్రం నాకిచ్చెయ్యండి."

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. నేను చెప్పుకుంటూ వచ్చిన పిల్లి నాది కాదని, చేపలమ్మే ఒక అక్కదని, అడగకుండా తీసుకున్నానని చెప్పాను. గుడిలో గుసగుసలు లేచాయి. బాపట్లకి నాతో వచ్చినావిడ తల దించుకుంది.

"మరి నీకు జరిగిందేంటమ్మా?" అన్నారు పాస్టరు అయ్యగారు, మెల్లగా.

మగవాళ్ళ వరసలో మా ఆయన నా వైపే చూస్తున్నారు. ఒంటి మీద నీలం చొక్కా. పొద్దున ఇస్త్రీ చేసి ఇచ్చింది నేనే. మైకు రెండు చేతులతో పట్టుకుని, ఆయన్నే చూస్తూ మొదలుపెట్టాను.