గిటారు దొరగారి సాక్ష్యం

ఆయన్ని మా ఊళ్ళో అందరూ గిటారు దొరగారు అన్నారు. అమెరికాలో పల్లెటూరి పాటలు పాడుకునే మనిషి. మా చర్చి అయ్యగారు కరపత్రాల మీద మాత్రం ప్రపంచ ప్రఖ్యాత గాయకుడని అచ్చు వేయించారు. తీరా ఆ దొరగారు మైకు ముందుకొచ్చి చెప్పిన మొదటి మాట, తమ దేశంలో తననెవరూ ఎరగరని. పక్కన నిలబడి తెలుగులోకి తర్జుమా చేస్తున్నది నేను. ఉన్నదున్నట్టు చెప్పేశాను. అయ్యగారు నా వంక గుర్రుగా చూశారు. గొప్పలు అచ్చువేయించింది ఆయన, గుడ్లురిమింది నా మీద.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. నేను గుంటూరు హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాను. మిరప కోతల రోజులు కావడంతో ఊరి చుట్టూ కల్లాల నిండా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకి దొరగారికి ఒకటే దగ్గు. పాట మధ్యలో దగ్గుతున్నా గిటారు మాత్రం ఆపేవాడు కాదు. ఆదివారం మధ్యాహ్నం, చర్చి పక్కన శామియానా కింద, పాట పాటకీ మధ్య తన జీవితం చెప్పుకొచ్చాడు. దాన్నే మా వాళ్ళు సాక్ష్యం చెప్పడం అంటారు.

మా వైపు తర్జుమాకి ఒక పద్ధతి ఉంది. చెప్పేవాళ్ళు "నేను" అంటే తర్జుమా చేసేవాళ్ళూ "నేను" అనాలి. "ఆయన అంటున్నారు" అని దూరంగా నిలబడి చెబితే జనానికి నచ్చదు. ఆయన చెయ్యెత్తితే మనమూ ఎత్తాలి, ఆయన గొంతు పెంచితే మనమూ పెంచాలి. అలా నేను, ఇరవై నిండని ఆడపిల్లని, యాభై దాటిన దొర బతుకుని నా బతుకులాగా చెప్పుకుంటూ పోయాను.

"మా నాన్న పత్తి తీసే కూలీ" అనేసరికి జనంలో కదలిక వచ్చింది. తెల్లవాడు పత్తి తీయడమేమిటని ముసలాళ్ళు నమ్మలేదు. ఆడవాళ్ళు మాత్రం చాపల మీద కాస్త ముందుకు జరిగారు. దొరగారికి మేనమామ పాత గిటారు ఇచ్చాడట. ఒకే ఒక్క రికార్డు వచ్చిందట, రేడియోలో కొన్నాళ్ళు వేసి మానేశారట. ఆ తర్వాత పేరున్న గాయకుల వెనక నిలబడి వాయించడం, ఊరూరా బ్రాందీ షాపుల్లాంటి చోట్ల పాడటం. పాడినందుకు ఇచ్చింది అక్కడే తాగేసేవాడట.

తాగుడు మాట వచ్చేసరికి నా చూపు జనం వెనక్కి పోయింది.

మా నాన్న వెనక వరసలో కూర్చుని ఉన్నాడు. పత్తి మిల్లులో బేళ్ళు మోసే కూలీ. చర్చికి వచ్చే అలవాటు లేదు. ఆ రోజు మాత్రం తాగకుండా, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మైకులో మాట్లాడేది మా అమ్మాయేనని దారి పొడుగునా చెప్పుకుంటూ వచ్చాడని అమ్మ చెప్పింది. తాగి వచ్చిన రోజున సైకిలు స్టాండు వేసే చప్పుడుతోనే మాకు తెలిసిపోయేది. నా మీద ఎప్పుడూ చెయ్యి చేసుకోలేదు. నా మీద కోపం వచ్చినా కొట్టేది అమ్మనే. అందుకని నేను ఎదురు మాట్లాడటం చిన్నప్పుడే మానేశాను. బుద్ధిమంతురాలినని ఊళ్ళో పేరు కూడా వచ్చింది.

దొరగారు గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించి, తల వంచుకుని, తాగి ఇంటికెళ్ళి భార్యను కొట్టేవాణ్ణని ఇంగ్లీషులో అన్నాడు.

నేను తర్జుమా ఆపేశాను. నాన్నకి ఇంగ్లీషు ముక్క రాదు. ఆయన చెవిన పడేది నా తెలుగే. కూతురు మైకు పట్టుకుని ఊరందరి ముందూ తన పరువు తీస్తోందనుకుంటాడు. దానికి దెబ్బలు తినేది అమ్మ. "బాధపెట్టాను" అని మెత్తగా తిప్పేద్దామనుకున్నాను. మైకు పోయిందనుకుని దొరగారు దాన్ని వేలితో తట్టి, అదే మాట, కూతురి కళ్ళముందే అని చేర్చి, ఇంకా గట్టిగా అన్నాడు.

ఆడవాళ్ళలో కూర్చున్న అమ్మ వంక చూశాను. ఆమెకీ ఇంగ్లీషు రాదు. కానీ తాగుడు దగ్గర నేను ఆగిపోవడం చూసింది. తర్వాత మాట ఏమిటో ఆమెకి ఎవరూ చెప్పనక్కర్లేదు. చెప్పమన్నట్టు తల ఊపింది.

"నేను తాగి వచ్చి నా భార్యను కొట్టేవాణ్ణి. నా కూతురు చూస్తుండగా కొట్టేవాణ్ణి."

కరెంటు స్తంభాలకు కట్టిన మైకుల్లోంచి నా గొంతు చేల మీదికి పోయింది. మా పేట ఆడవాళ్ళు ఒక్కొక్కరే అమ్మ వైపు తిరిగారు. నాన్న లేచి, పంచె దులుపుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్ళిపోయాడు.

మిగతాది ఎలా చెప్పానో నాకే తెలియదు. ఒకరోజు పొద్దున్నే ఆ భార్య కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయిందని చెప్పి, దొరగారు దాని మీద కట్టిన పాట పాడాడు. ఆ పాట బాగుందో లేదో ఇప్పటికీ చెప్పలేను. భయంతో ఒక్క చరణం కూడా వినలేదు.

ఆ ప్రార్థన కూడిక అయ్యాక, అయ్యగారింట్లో ఉండిపోదామని అమ్మని బతిమాలాను.

"ఉంటే మాత్రం ఎన్నాళ్ళుంటామే? పద" అంది.

ఇంకా ఎండ పోలేదు. డిగ్రీ చదివే పిల్లని, అమ్మ కొంగు పట్టుకుని నడిచాను.

నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తాగలేదు. దాంతో నాకు ఇంకా భయం వేసింది. తాగితే ఏం చేస్తాడో తెలుసు, ఇదేమిటో తెలియదు. అమ్మ ఆయన్ని దాటుకుని లోపలికెళ్ళి పొయ్యి ముట్టించింది. నేను వాళ్ళిద్దరి మధ్య గడపలో నిలబడ్డాను.

"ఆ మాటలు ఆయనవేనా, నువ్వు కలిపావా?" అని అడిగాడు.

"ఆయనవే నాన్నా."

ఇస్త్రీ చొక్కా మడతలు చేత్తో సాపు చేసుకున్నాడు.

"మరి ఆవిడ మళ్ళీ వచ్చిందంటా?"

మా పేట మొదట్లోనూ ఒక మైకు కట్టారు. కథ మొత్తం ఇంటి దగ్గర కూర్చుని విన్నాడన్నమాట. కానీ ఆవిడ తిరిగొచ్చిందో లేదో దొరగారు చెప్పలేదు. వచ్చిందనాలా, రాలేదనాలా? ఏది చెబితే అమ్మకి దెబ్బలు తప్పుతాయో అని వెతుక్కుంటున్నాను.

"రాలేదు" అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి వెనక్కి తిరగకుండానే.

నాన్న నన్ను దాటి అమ్మ వీపు వంక చూశాడు. మా ఇంట్లో భయపడేది మేమిద్దరమేనని అప్పటిదాకా అనుకునేదాన్ని.