బొంత కట్టని గోడ

మొన్న మా ఫ్లాటుకి కొత్త అద్దాల కిటికీ బిగించారు. దాని తలుపు జరిపి మూయగానే బందరు రోడ్డు రొద మొత్తం నీళ్లలో మునిగినట్టయింది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడినుంచో పాత చీరల వాసన వచ్చింది. మస్తాన్‌బీ పిన్నిగారు గుర్తొచ్చారు.

తొంభైలలో గవర్నర్‌పేటలో, స్టీలు సామాన్ల హోల్‌సేల్ కొట్టు పైన, పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్లం. ఆవిడ ఒంటరి మనిషి, పాత చీరలతో బొంతలు కుట్టేవారు. మా పాప నెలలు నిండకుండానే పుట్టింది. బాగా నిద్రపోతేనే బిడ్డ తేరుకుంటుందన్నారు డాక్టరుగారు. కింద కొట్లో బిందెలు దింపినప్పుడల్లా అది ఉలిక్కిపడి లేచేది, తాగిన పాలు కక్కేసేది. దాని పుల్లల్లాంటి చేతులు చూస్తూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాను.

ఓ మధ్యాహ్నం పిన్నిగారు వచ్చి నట్టింట్లో కళ్లు మూసుకుని కూర్చున్నారు. కునుకు పట్టిందేమో అనుకున్నాను. చప్పుడు ఎటునుంచి వస్తోందో వింటున్నారట! తర్వాత లేచి, గుమ్మం కింద సందులో గుడ్డచుట్ట పెట్టించారు. మిక్సీ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు వేయించారు. కిటికీకి రెండు బొంతలు ఒకదానిమీద ఒకటి వేలాడదీశారు. ఇల్లంతా మసక వెలుగు, బొంతల్లోంచి వడకట్టినట్టు వచ్చే బజారు. పాప నిద్రేదో, నా నిద్రేదో తెలియని రోజులవి. నెమ్మదిగా పాప ఒళ్లు చేసింది.

దాంతో నాకు ఆశ పెరిగింది. మా వంటింటికీ ఆవిడ గదికీ మధ్య గోడ మరీ పల్చన, ఆవిడ దగ్గినా వినబడేది. దానికీ ఓ బొంత కుట్టిమ్మని అడిగాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ అన్నారు.

"ఆ గోడొకటి వదిలెయ్ అమ్మాయ్. నువ్వు అన్నం గిన్నె మీద మూత పెడతావు చూడు, ఆ చప్పుడింటేనే నేనూ కంచం ముందు కూచుంటా. నలుగురితో కలిసి తిన్నట్టుంటది."

ఆవిడకి ఇబ్బందేమోనని అప్పటిదాకా నేను మూతలు వీలైనంత మెల్లగా పెడుతూ వచ్చాను.

పాప బళ్లో చేరిన ఏడాదే పిన్నిగారు పోయారు. ఇప్పుడు అది ఉద్యోగానికి వెళ్తోంది. ఆ రెండు బొంతలూ నా బీరువాలోనే ఉన్నాయి.

కిటికీ బిగించిన అబ్బాయి వంటింటి గోడ తట్టి చూశాడు. అవతల రిటైరైన మాస్టారొకరు ఒంటరిగా ఉంటారు.

"దీనికి కూడా ఫోమ్ షీటు వేసెయ్యమంటారా అండీ?"

వద్దన్నాను. అతను వెళ్లాక అన్నం వార్చి, గిన్నె మీద మూత కాస్త గట్టిగానే పెట్టాను. గోడ అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.