ఒకే పొయ్యి మీద తినేవాళ్లు

కుంట అనే సరిహద్దు ఊళ్లో మాది కిరాణా దుకాణం. నేను డిగ్రీలో ఎకనామిక్స్ ఎందుకు తీసుకున్నానో నాన్నకు చివరిదాకా అర్థం కాలేదు. "ధరలు తెలుసుకునేటందుకు జగదల్‌పూర్ దాకా పోవాల్నా? దుకాణంల కూసుంటే తెల్వదా?" అనేవాడు. చదువయ్యాక దొరికింది సర్వే పని. ఇంట్లో తెలుగు, బజార్లో హిందీ, సంతలో అడవి జనం మాట్లాడే దొర్లి. మూడు భాషల్లో వాగగలననే నన్ను పెట్టుకున్నారు.

పెట్టుకున్న మేడమ్ పెద్ద నగరంలో ప్రొఫెసర్. అడవిలో తుపాకుల కల్లోలం నడిచిన రోజుల్లో పల్లెలను ఖాళీ చేయించి జనాన్ని రోడ్డు పక్క శిబిరాల్లో ఉంచారు. దానివల్ల వాళ్లు బాగుపడ్డారా, నష్టపోయారా అన్నది ఆమె తేల్చాలనుకున్న సంగతి. ఇప్పుడు ఇంకో పని కోసం మరికొన్ని ఊళ్లను కదిలించే మాట నడుస్తోంది. పాతది తేలితే ఈ ఊళ్ల విషయంలో ఏం చేయాలో తెలుస్తుందని ఆమె నమ్మకం. అందుకే శిబిరాల నుంచి తిరిగి వచ్చినవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఊరు వదలకముందు ఎంతమంది, ఇప్పుడెంతమంది, ఎంత తింటున్నారు అని మేం అడగాలి.

ఎర్రబోరు దగ్గర బస్సు దిగి లోపలికి నడిస్తే వచ్చే ఒక దొర్ల ఊరు నా వంతుకు వచ్చింది. మొదటి ఇల్లు ఒక అవ్వది. ఇంటి మనుషులంటే ఒకే పొయ్యి మీద వండింది తినేవాళ్లు అని శిక్షణలో మాకు నూరిపోశారు. నేను అలాగే అడిగాను.

"ఊరిడువక ముందు మీ పొయ్యి మీద ఎంతమంది తినేటోళ్లు అవ్వా?"

"ఐదుగురం."

"ఇప్పుడు?"

"ఐదుగురమే."

తను, ముసలాయన, కొడుకు, కోడలు, మనవరాలు. ఆమె తప్ప ఎవరూ కనిపించలేదు. మిరప కోతల కాలం కదా, భద్రాచలం వైపు కూలికి పోయి ఉంటారనుకున్నాను. పక్కిళ్లలోనూ ఇదే జవాబు. ఊరు మొత్తం మీద ఒక్క మనిషి తగ్గలేదు. పని తొందరగా తెమిలిందని సంతోషపడ్డాను. ఆ సంతోషం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మేడమ్ తొలి ఫలితాలను అధికారుల సమావేశంలో చూపించారు. నా వంతు ఊరి వరుసలో చావులు సున్నా. ఒకాయన దాని మీద వేలు పెట్టి, చూశారా, ఊళ్లను కదిలిస్తే ఏమీ కాదు అన్నాడట. మర్నాడు మేడమ్ ఫోన్ చేశారు. ఆమె గొంతు పెంచే మనిషి కాదు.

"నీ ఊళ్లో తలకు వచ్చే బియ్యం పక్క ఊళ్ల లెక్కలో సగం కూడా లేదు. అంత తక్కువ తిని అందరూ ఎలా బతికున్నారు? వాళ్లను కళ్లారా చూశావా?"

చూడలేదు. నిజం చెప్పాలంటే అవ్వ మీద కోపంతోనే మళ్లీ బయలుదేరాను. రేషన్ కోసం మనుషుల్ని ఎక్కువ చెప్పి నన్ను బోల్తా కొట్టించిందనుకున్నాను.

వెళ్లేసరికి మధ్యాహ్నం. అవ్వ పొయ్యి మీద నుంచి అన్నం దించుతోంది.

"మీ ముసలాయన ఏడీ అవ్వా?"

"లోపలున్నడు. రా."

కిటికీ లేని చిన్న గది. మూలన మూడు కుండలు. ఒక్కొక్కదాని ముందు ఆకు పరిచి, పిడికెడు వేడన్నం పెట్టింది.

"గీయన ముసలోడు. గీడు కొడుకు. గిది కోడలు. నా పొయ్యి మీదిదే తింటరు బిడ్డా. ఆనాడే జెప్పిన గదా."

అన్నం మీద ఇంకా ఆవిరి లేస్తోంది. పోయినవాళ్లు ఆ కుండల్లో ఇంట్లోనే ఉంటారని వాళ్ల నమ్మకం. ఆమె అబద్ధం ఆడలేదు. ఎవరు తింటారని అడిగితే తినేవాళ్లనే చెప్పింది. బతికున్నది తనూ, కూలికి వెళ్లిన మనవరాలూ మాత్రమే.

బయట కూర్చుని ఆమెకు నచ్చజెప్పాను. వాళ్లు పోయినట్టు రాస్తేనే శిబిరంలో ఏం జరిగిందో పైవాళ్లకు తెలుస్తుందని, లేకపోతే ఇంకొన్ని ఊళ్లకు ఇదే గతి పడుతుందని చెప్పాను. ఆమె లోపలి గదివైపు చూసింది.

"పోయిన్రని రాస్తే ఇల్లిడిసి పోతరా?"

"పోరు అవ్వా."

ఆ మాట ఇవ్వడానికి నేనెవరినో ఇప్పటికీ తెలియదు. ఆమె చెప్పింది, నేను రాశాను. ముసలాయన శిబిరంలో జ్వరంతో పోయాడు. ఊళ్లో వదిలేసిన విత్తనపు వడ్ల కోసం కొడుకు అడవిదారిన వెళ్లి, శవమై వచ్చాడు. కోడలు కాన్పులో పోయింది.

"మరి బిడ్డ?" అన్నాను.

"మూడు దినాలున్నది. పేరు పెట్టలే. పేరు లేనోళ్లకు కుండ ఉండదు. శిబిరం కాడ ఇప్పచెట్టు కింద పెట్టినం. పసిపిల్లలకు ఇప్పచెట్టే పాలు ఇస్తది."

ఆ ఐదుగురిలో ఈ బిడ్డ లేదు. నాలుగో చావు రాశాను. పేరు గడి ఖాళీగా వదిలాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రోడ్డెంబడే వస్తవు గదా. ఆ చెట్టు మంచిగున్నదా?"

శిబిరం ఉన్నచోట రోడ్డు వెడల్పు చేశారు. ఆ పక్క ఒక్క చెట్టు మిగల్లేదు. ప్రతివారం బస్సులోంచి చూస్తూనే ఉన్నాను.

"ఉన్నది అవ్వా" అన్నాను.

"అయితే పువ్వు రాలేనాటికి నన్నొకపారి తీస్కపో."

"సరే" అన్నాను.

ఆ వారం ఊరంతా మళ్లీ తిరిగాను. ఈసారి ప్రతి ఇంట్లో లోపలి గది చూపించమని అడిగాను. కొత్త పట్టికలో చావుల లెక్కన ఆ ఊరి వరుసే అన్నిటికంటే బరువైంది. తర్వాతి సమావేశంలో దాని మీద ఎవరూ వేలు పెట్టలేదట. ఊళ్లను కదిలించే ఆలోచన ప్రస్తుతానికి ఆగింది. నీ వల్లే నిజం బయటపడింది అని మేడమ్ మెచ్చుకున్నారు. ఫోన్ పెట్టేసి ఏడ్చాను.

ఈ ఏడు అవే ఇళ్లకు మళ్లీ సర్వే వచ్చింది. ఆ ఊరికి వేరే అమ్మాయిని పంపమని మేడమ్‌ను బతిమాలాను. ఆ అమ్మాయి తిరిగొచ్చి ఫారాలు నా చేతిలో పెట్టింది. అవ్వ కర్ర పట్టుకుని వాకిట్లోనే కూర్చుని ఉందట.

"ఆ కుంట పిల్ల రాలేదా? పువ్వు రాలవట్టె. చెట్టుకాడికి తీస్కపోతనన్నది" అని అడిగిందట.

పూల కాలం అయిపోయింది. నేను వెళ్లలేదు.