గాసిప్ అనే మాటకు పాత అర్థం

ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామి మీద ఒట్టు. ఆయనొక్కడు చాలడంటే గిలకలదిండి రేవులో నిలబడి సముద్రం మీద కూడా ఒట్టు వేస్తాను. నా ఒట్ల సంగతి ఎరిగినవాళ్లు నవ్వుకోవచ్చు. ఈసారికి మాత్రం నవ్వకుండా వినండి.

నేను బందరు కోర్టులో గుమాస్తాను. గుడివాడ నుంచి వెళ్లే పొద్దుటి పాసింజరులో పదకొండేళ్లు నా పక్క సీటు ఒక ఇంగ్లీషు లెక్చరరుది. చుట్టరికం లేదు, అయినా 'బావా' అనే పిలుచుకునేవాళ్లం. ముందెక్కినవాడు రెండోవాడికి కర్చీఫు వేసి సీటు ఆపాలి. రైలు కదిలాక ఆయన రోజుకో ఇంగ్లీషు మాట పుట్టుక చెప్పేవాడు. ఆఖరి ఏడాది అన్నీ ఊసుపోక కబుర్లకు ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేర్లే.

"స్కటిల్‌బట్ అంటే ఓడలో మంచినీళ్ల పీపా బావా. నీళ్లకొచ్చిన నావికులు దాని చుట్టూ చేరి ఊసులాడుకునేవాళ్లు. పోనుపోను ఆ ఊసులకే పీపా పేరొచ్చింది."

"చాట్ మాత్రం మనదే" అన్నాను. "మా అమ్మమ్మ చాటలో బియ్యం చెరుగుతూ కబుర్లు చెబుతుంటే, బందరు రేవులో దిగిన దొర విని ఎత్తుకుపోయాడు."

"అప్పటికి మీ అమ్మమ్మకి రెండొందలేళ్లుండాలే."

"ఉన్నాయి. పన్ను కూడా ఊడలేదు."

"అది పిట్టల కిచకిచలోంచి పుట్టింది. పోలిక కనబడ్డ ప్రతివాళ్లూ చుట్టాలవరు బావా."

నేను చెప్పేవి కోతలని పెట్టెలో అందరికీ తెలుసు. అదే నా ధీమా.

ఒక ఆదివారం ఆయన నన్ను మోపిదేవి రమ్మన్నాడు. అక్కడ ఒకావిడ ఉంది. మా రైల్లోనే ఆడవాళ్ల పెట్టెలో వచ్చే మనిషి, భర్త పోయి ఆరేళ్లు, డిగ్రీ చదివే కూతురు. యాభై దగ్గర పడుతున్న మా బ్రహ్మచారి బావ, ఆవిడ, కలిసి పుట్టలో పాలు పోశారు.

"పెళ్లి సంగతి వాళ్లమ్మాయికి తనే చెప్పుకుంటానంది. పరీక్షలయ్యేదాకా ఎక్కడా అనకు బావా. నీకొక్కడికే చెప్పాను."

అననని చేతిలో చెయ్యి వేశాను.

పది రోజులాగాను. ఆయన సెలవు పెట్టిన ఒక పొద్దున నోరు ఊరుకోలేదు. పుట్టలోంచి నాగుబాము లేచి, ఇద్దరి గోత్రాలూ కనుక్కుని, పడగ ఊపి "కానివ్వండి" అందని చెప్పాను. గుడ్లవల్లేరు దగ్గర అందరూ నవ్వారు. కవుతరం దాటేసరికి నవ్వడం మానేసి నన్ను వివరాలు అడగసాగారు. నా మాట ఎవరు నమ్ముతారులే అనుకున్నాను. వాళ్లు పామును వదిలేసి నిజాన్ని ఏరుకున్నారు.

మా పెట్టెలో ఎవరికి శుభం జరిగినా కిటికీ సీట్లో కూర్చోబెట్టి లడ్డు పంచుతారు. మర్నాడు పెడనలో రైలు ఆగగానే నలుగురు ఆడవాళ్లు వెళ్లి ఆవిడను ప్రేమగా పట్టుకొచ్చారు. చేతిలో మల్లెపూలు పెట్టి, ఆయన ఎదురుగా కూర్చోబెట్టారు. ఎవరో ఫొటో తీసి రైలు పాసులవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆవిడ తలెత్తలేదు. చిలకలపూడిలో దిగిపోయింది. ఆమె ఆఫీసుకు ఇంకో స్టేషను ఉంది.

ఆఫీసు చేరేలోపు ఆ ఫొటో కూతురి ఫోనుకు వెళ్లింది. "ఊరందరికీ చెప్పాక నాకు చెబుదామనుకున్నావా అమ్మా" అని ఆ పిల్ల అడిగిందట. ఆవిడ ఆయనకు ఫోను చేసి, ఇక ఈ మాట ఎత్తవద్దంది. మర్నాటి నుంచి బస్సులో వెళ్తోంది.

వారం తర్వాత, ఏం మాట్లాడాలో తెలియక, "ఇవాళ్టి మాటేంటి బావా" అన్నాను.

"గాసిప్" అన్నాడు కిటికీలోకి చూస్తూ. "మొదట్లో దేవుడి ఎదుట చుట్టమైనవాడని అర్థం. బిడ్డ జ్ఞానస్నానానికి పూచీగా నిలబడే మనిషి. ఆ తర్వాత పురిటిగదిలో పక్కన కూర్చునే దగ్గరివాళ్లను అలా అన్నారు. ఏదీ దాచుకోనక్కర్లేని మనుషులన్నమాట. ఇప్పటి అర్థం చాలా తర్వాత వచ్చింది."

ఆ వేసవిలో అవనిగడ్డకు బదిలీ చేయించుకున్నాడు.

పోయిన నెల వెళ్లి కలిశాను. హోటల్లో కాఫీ ఇప్పించి, "పాముకి గోత్రాలెందుకు బావా" అని భుజం మీద చరిచాడు. ఆవిడ కూతురు మెత్తబడిందని, ఫోన్లు మొదలయ్యాయని చెప్పాడు. ఇద్దరం కళ్లు తుడుచుకున్నాం.

ఆ కాఫీ నేను కల్పించింది. భుజం మీద చరచడమూ, ఫోన్లూ కూడా. అవనిగడ్డ వెళ్లడం మటుకు నిజం. బస్టాండులో ఎదురుపడ్డాడు. నన్ను చూసి ఆగి, నమస్కారం పెట్టి, "బాగున్నారా అండీ" అన్నాడు.

"బాగున్నానండీ" అన్నాను. ఆయన బస్సు వచ్చింది.