ఘాలా గదిలో పాడిన పాట

శుక్రవారం ఉదయం బాల్కనీ కడ్డీల మీద తడి ఉంది. ఈ ఉక్క నెలల్లో గల్ఫ్‌లో మేముండే రూవీలో తెల్లారేసరికి ఇనుముకి కూడా చెమట పడుతుంది. వేలితో తుడుస్తూ నిలబడ్డాను. లోపల నాన్న ఫోన్ పెట్టేసి, "కింది వాటా అంకుల్ పోయారమ్మా. నిద్రలోనే," అన్నారు. నేను తుడవడం ఆపలేదు. పక్క కడ్డీకి వెళ్లాను.

ఆయన కవి. ఇక్కడి తెలుగువాళ్లలో ఆయన కవితలు విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. పాటల మీద రాసిన వ్యాసాలు చదివినవాళ్లు తక్కువ. పగలు కంపెనీలో టైమ్‌కీపర్. వాడేసిన హాజరు కాగితాల వెనక రాసేవారు. ఆ రాత ఒక్కోసారి ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని శుభ్రప్రతి రాసే పని నాకు అప్పగించారు. కాన్వెంటులో నేర్చుకున్న చర్చి పాటలు తప్ప నాకంటూ ఒక పాట లేదని ఒకసారి చెప్పాను. "నోటికొచ్చింది పాడు బిడ్డా. ఎవలదో తర్వాత చూద్దాం," అన్నారు. నేను పాడలేదు.

శుక్రవారం మధ్యాహ్నాలు నాన్న నన్నూ అంకుల్‌నీ కారులో ఘాలాలోని కూలీల క్యాంపుకి తీసుకెళ్లేవారు. వాళ్ల గదిలో తలుపు పక్క కుర్చీ నాది. అక్కడ మగవాళ్లే బతుకమ్మ పాటలు పాడేవారు. ఇంటి దగ్గర ఆడవాళ్లు పాడితే వినడమే తప్ప తాము నోరు విప్పని పాటలు. సిగ్గుపడి గోడవైపు తిరిగి పాడేవారు. ఒకతను పూల పేర్లుండే చోట సిమెంట్ బస్తాలనూ కంపెనీ బస్సునూ చేర్చాడు. అంకుల్ రాసినవాటిలో ఆ పాట మీది వ్యాసమే నాకు అన్నిటికన్నా నచ్చింది. మనిషి దేశం దాటితే పాట దేన్ని వదులుతుంది, దేన్ని పట్టుకుంటుంది అని అందులో అడిగారు.

పత్రికకు పోస్టు చేసేముందు పాడినవాళ్లకు చదివి వినిపించడం ఆయన అలవాటు. అంతా విని ఆ బస్తాల పాట పాడినతను అడిగాడు.

"సారూ, అండ్ల నా పేరున్నదా?"

"ఉన్నది. ఊరు గూడ ఉన్నది. పేరు లేకుంట రాస్తే దొంగసొత్తయితది."

"ఇంట్ల డ్రైవర్నని చెప్పిన సారూ."

పక్క మంచం మీదున్నతను నవ్వాడు. "స్టీరింగేదిరా, బస్తాకున్నదా?"

అతను నవ్వలేదు. "పాటల ఉంటే పాటనుకుంటరు. పుస్తకంల అచ్చైతే నిజమనుకుంటరు. మా బామ్మర్ది అన్నీ సదువుతడు సారూ."

పేరు తీసేస్తే సరిపోతుంది కదా అన్నాను, మెల్లగా. అంకుల్ తల అడ్డంగా ఊపారు. నా శుభ్రప్రతినీ తన హాజరు కాగితాలనూ కలిపి చించి, ముక్కలు చొక్కా జేబులో పెట్టుకున్నారు. తిరుగుదారిలో ఒక్క మాటే అన్నారు. "మంచిగ వచ్చిందది." రూవీ చేరేదాకా ఆయన వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి.

సంస్మరణ సంచికలో వేయడానికి ఆయన అచ్చుకాని వ్యాసాలేమైనా ఉన్నాయా అని తెలుగు సంఘం పెద్దలు నిన్న అడిగారు. చూసి చెబుతానన్నాను. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. అల్మారా తీస్తాను, మూస్తాను. ఆ పాడినతను ఇప్పుడు ఎక్కడున్నాడో, ఇంట్లో నిజం చెప్పాడో లేదో నాకు తెలియదు. అడుగుదామంటే అంకుల్ లేరు.

ఆయన చించేసిన ఆ వ్యాసం శుభ్రప్రతి రాసేటప్పుడు నేను కింద కార్బన్ కాగితం పెట్టుకున్నాను.